బాపు నంబరు

జూన్ 14, 2025, శనివారం

దుకాణం కంప్యూటర్ హార్డ్ డిస్కు ఇగ రాదట. గజ్వేల్‌ల చూపిచ్చిన. ఉరుములప్పుడు కాలింది అక్కా అన్నడు రిపేరు పిల్లగాడు. ఏప్రిల్ దాంక పెన్‌డ్రైవుల ఉంది. ఆ తర్వాతది, పత్తి గింజల సీజనంత, చిట్టీలల్ల చూసి మళ్ల ఎక్కియ్యాలె.

అకౌంటెంటుది ఒకటే పాట: క్లౌడుల పెట్టుమ్మా. ఏడాదికి ఇంత, మీదికెల్లి 18 శాతం జీఎస్టీ. కంప్యూటర్ కాలినా ఫోన్ల కనబడ్తది.

"కనబడ్తది సరే, ఉండుడు యాడుంటది?" బాపు.

సాఫ్ట్‌వేరు సేల్స్ అతన్ని అడిగితే ముంబైల అమెజానోళ్ల సర్వర్లల్ల అన్నడు. అమెజానోళ్లు 2022 నవంబర్‌ల హైదరాబాద్‌ల కూడా మొదలుపెట్టిండ్రు గద, మరి మా లెక్క ముంబైకి ఎందుకు పోవాలె? అక్కడ 2016 నుంచే ఉందట. ఈ సాఫ్ట్‌వేరోళ్లు మొదట ఏడ పెట్టిండ్రో ఆడనే ఉంచిండ్రు. "ఏడున్నా ఒకటే మేడమ్."

ఒకటేనా?

జూన్ 21

పాత ఖాతా బుక్కు ముందట ఏసుకొని కూసున్న. బాపు రాత. "తీగుల్, చింతచెట్టు కాడి ఇల్లు." "ఇటిక్యాల మేకలాయన." "అలీరాజ్‌పేట అల్లుడు." ఎవలి అల్లుడు? బాపుకు తెలుసు, ఆ అల్లునికి తెలుసు.

క్లౌడు సాఫ్ట్‌వేరే తీసుకున్నం. దానికి పేరు కావాలె, ఫోన్ నంబరు కావాలె. నంబరు లేకుంటే సేవ్ కాదు, ఎర్ర అక్షరాలు. ఫోన్ లేని ముసలోళ్లు ఎంతమందో! వాళ్లందరికీ బాపు నంబరే కొట్టిన. ఒకటే నంబరు ఇన్నిసార్లు ఒప్పుకుంటదా అనుకున్న. ఒప్పుకుంది.

జులై 1

పొద్దుగాల బాపు ఫోను ఆగకుండ మోగుతనే ఉంది. "ప్రియమైన కస్టమర్, మీ బాకీ..." ఒకదానెన్క ఒకటి. సొంత దుకాణానికే బాకీపడ్డడు. నవ్వాగలే నాకు. ఆయన కూడా నవ్విండు.

పగటీలికి నవ్వు పోయింది. నెల మొదటి తారీఖున అందరికీ దానంతటదే పంపుతదట. ఆన్ చేసే ఇస్తరట.

మునిగడప తాత వచ్చిండు. రబ్బరు బ్యాండేసిన నోట్ల చుట్ట కౌంటర్ మీద పెట్టిండు. "గిప్పుడెందుకు కాకా, పత్తి అమ్మినంక ఇద్దువు" అంటున్నడు బాపు. తాత మొఖం తిప్పలే. "ఫోన్ల అడిగిచ్చినవు గద సేటూ. మా మనుమడు సదివిండు. అందరు కూసున్న కాడ."

చాయ్ చెప్తే తాగకుండనే పోయిండు.

సెట్టింగ్‌ల బంద్ చేసిన. పోయిన మెసేజి పోనే పోయింది గద.

ఆగస్టు 22

యూరియా వచ్చింది. తెల్లారకముందే చెప్పుల లైను. 45 కిలోల బస్తా, 266 రూపాయల 50 పైసలు. ఆధార్, వేలిముద్ర, ఈ-పాస్ మిషను. వేళ్లు అరిగిన ముసలమ్మలకు మిషను పట్టది. తుడిచి, మళ్ల పెట్టి, ఇంకో వేలు పెట్టి. ఎన్క ఉన్నోళ్లు ఒర్రుడు.

ఈ మిషన్లొచ్చి ఏడేండ్లాయె. బస్తా గేటు దాటకముందే ఢిల్లీకి లెక్క తెలుస్తది. మరి క్లౌడంటే కొత్తగ భయమేంది బాపూ అన్న.

"అది సర్కారు లెక్క బిడ్డా. ఇది నా లెక్క."

సెప్టెంబర్ 22

నిన్న ఎంగిలిపూలు. పొద్దున ఆలస్యంగ తెరిచిన.

జీఎస్టీ మారింది ఇయ్యాల్టి నుంచి. జింకు, బోరాన్ అసొంటియి 12 నుంచి 5కు, కొన్ని బయో మందులు కూడా. మామూలు పురుగుమందులు 18లనే. పాత కంప్యూటరైతే ఐటం ఐటం తీసి మార్చాలె, రెండు రాత్రుళ్ల పని. షటర్ ఎత్తి చూస్తే అన్నీ మారే ఉన్నయి. ఒక్కటి తప్పు లేదు, వెతికిన.

పాణం సుఖమనిపిచ్చింది. అయినా... రాత్రి మేం పన్నంక దుకాణంల ఎవలో వచ్చి పని చేసిపోయినట్టే గద.

అక్టోబర్ 20, దీపావళి

ఈసారి కొత్త ఖాతా బుక్కు తేలే. లక్ష్మీపూజల ఏం పెట్టాలె? అమ్మ ట్యాబ్ పెట్టమంది. కవరుకు పసుపు, కుంకుమ. తెర ఆరిపోయినప్పుడల్లా అమ్మ వేలుతోటి ముట్టి ఎలిగిచ్చింది. హారతి అయ్యేదాంక అదే పని. బాపు లోపలికి పోయి ఖాళీ బుక్కొకటి తెచ్చి పక్కకు పెట్టిండు. ఏమనలే.

చిన్నమ్మ కొడుకు స్నాప్‌చాట్ వస్తలేదని లొల్లి. అమెరికాల వర్జీనియా కాడ అమెజానోళ్ల సర్వర్లు మొరాయించినయట. పటాకులు ఇడిచిపెట్టి మాది తెరిచి చూసిన. నడుస్తున్నది.

పోయినేడు జులై 19 యాదికొచ్చింది. ఒక్క అప్‌డేటు చెడితే యాడికాడ విండోస్ కంప్యూటర్లు నీలంగైనయి. శంషాబాద్‌ల బోర్డింగ్ పాసులు చేతితోటి రాసిచ్చిండ్రు. అప్పుడు హైదరాబాద్‌ల నౌకరి నాది. ఆ ఫొటో ఆఫీసంత తిప్పి నవ్వినం. ఒకల దుకాణం ఆగిందన్న సోయి ఎవలకుండె?

అక్టోబర్ 29

మొంథా తుఫాను. రాత్రే కరెంటు పోయింది, ఎన్కనే ఫైబర్. టవర్ పగటీలి దాంక ఉండి అదీ పోయింది. టార్పాలిన్లకు వచ్చిండ్రు జనం, కల్లాలల్ల వడ్లున్నయట. బాపు దీపావళి బుక్కు తీసి, మొదటి పుటల శ్రీకారం చుట్టి, పేర్లు రాసుడు మొదలుపెట్టిండు. పేర్లు కాదు. "దౌలాపూర్ బర్లాయన."

రేపు అవన్నీ నేనే ఎక్కియ్యాలె.

నవంబర్ 13

దుకాణంల మందుల బేరం తక్కువ, కపాస్ కిసాన్ యాప్ల స్లాటు బుక్ చేసుడు ఎక్కువ. సీసీఐకి అమ్మాలంటే అది ఉండాలె. ధర క్వింటాలుకు 8,110, తేమ 8 శాతం ఉంటే. 12 దాటితే అసలు కొనరు. నానిన పత్తి ఎండకు పోసుకున్నరు. ఎండ ఏది?

మునిగడప తాత ఫోన్ పట్టుకొని వచ్చిండు, మనుమనిది. బాపుతోటి మాట్లాడిండు. జులై తర్వాత ఇదే మొదలు. పత్తి నల్లవడ్డది.

ఆయన పోయినంక బాపు: "కాక మిత్తి కొట్టెయ్యి."

బుక్కులనైతే ఒక గీత. ఈడ "డిస్కౌంట్", దాని కింద "కారణం". ఖాళీగ ఇడిస్తే ముందుకు పోదు.

"ఏం రాయాలె బాపూ?"

"వాన అని రాయి."

రాసిన. కింద దానంతటదే ఎక్కింది: నా పేరు, తారీఖు, సాయంత్రం 6:42. ఎవలకు ఎంత ఇడిచిపెట్టినమో ఇగ చెరగదు. ఇంకొకలు చూస్తే? నాకెందుకు ఇడువలే అని అడిగితే? వాన అందరి మీద పడ్డది కదా.

డిసెంబర్ 6

సర్పంచ్ ఎలక్షన్లు. 11, 14, 17 తారీఖులల్ల. ఒక క్యాండిడేటు మనిషి వచ్చి స్టూలు మీద కూసున్నడు.

"మండలం నంబర్లన్నీ నీ కాడ ఉన్నయట గదక్కా. ఒక్క బటన్ ఒత్తితే ఎక్సెల్ల వస్తయట."

వస్తయి. ఇయ్యనన్న.

"బాకీలు అడుగుతలేనక్కా, ఉత్త నంబర్లే." నవ్వుకుంట పోయిండు. ఇంకో దిక్కుకెల్లి తెచ్చుకుంట అన్నట్టే ఉంది ఆ నవ్వు.

రాత్రి తినేటప్పుడు బాపుకు చెప్పిన. "బుక్కైతే అడుగకపోవు. అడిగి తీస్కపోయినా ఏం సమజైతుండె? చింతచెట్టు కాడి ఇల్లట!"

డిసెంబర్ 9

లాగిన్లు తీసి చూసిన. కౌంటర్ పిల్లగానికి బిల్లు కొట్టుడు వరకే. అకౌంటెంటుకు అన్నీ. నాలుగో పేరు, "సపోర్ట్". ఎవలిది?

"మాదే మేడమ్, మీ సహాయం కోసం."

తీసెయ్యొచ్చా అంటే తిప్పి తిప్పి చెప్పిండు. వచ్చే జూన్‌ల రెన్యువల్, ధర పెరుగుతదని అప్పుడే మెసేజి. మరి మొత్తం బయటికి తీసుకుంటనంటే? ఖాతాలొస్తయట, బిల్లులొస్తయట. "కారణం" రాదట.

తీగుల్ పెద్దాయన వచ్చిండు, బిడ్డ ఫోన్ కొనిచ్చిందని సంబురం. నంబరు చెప్పిండు. ఎక్కియ్యబోతుంటే బాపు చెయ్యి అడ్డం పెట్టిండు.

"నాదే ఉండనీ."

"ఎందుకు? ఆయనకిప్పుడు ఫోనుంది గద."

"ఉన్నోళ్లకు గూడ నాదే పెట్టు. అందరికి."

సపోర్టోనికి ఏం చెప్పాలె? బాపు అప్పుడే బుక్కు తెచ్చి నా ముందట పెట్టిండు, అసలు నంబర్లు దాంట్ల రాసుకోమని. "అ" కాడికెల్లి మొదలుపెట్టిన. "చ" కాడికి వచ్చేసరికి పది దాటింది. మిగిలినయి రేపు.