బెలుం గుహల్లో వెనుకబడిన అడుగు

ప్రయాణంలో కలిసి నడిచినప్పుడే మనిషి గుణం తెలుస్తుందని పెద్దలు అంటారు. మా మద్రసా విద్యార్థులు పదకొండు మందిని వెంటబెట్టుకుని బెలుం గుహలకు వెళ్ళినప్పుడు ఆ మాటలోని లోతు నాకు మరోసారి బోధపడింది.

చౌడేపల్లె నుండి మదనపల్లె, కదిరి మీదుగా తాడిపత్రి చేరి, అక్కడి నుండి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గ్రామానికి వెళ్ళాము. భూగర్భ జలం సున్నపురాతిని యుగయుగాలుగా కరిగించగా ఏర్పడిన దారులివి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని గురించి రాశాడు. 1982, 83 సంవత్సరాల్లో జర్మనీకి చెందిన హెర్బర్ట్ డేనియల్ గెబాయర్ బృందం లోపలికి దిగి పరిశోధించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు కాగా, సందర్శకులు చూడగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. కఠిన శిలను మెత్తని నీటితో తొలిపించిన సృష్టికర్త శక్తిని తలచి విద్యార్థులు "సుబ్‌హానల్లాహ్" అన్నారు.

బావిలాంటి ద్వారం గుండా మెట్లు దిగాక దారి అడ్డంగా సాగుతుంది. దీపాలున్నాయి, బయటి గాలిని పంపే గొట్టాలూ ఉన్నాయి. అయినా లోపల ఉక్క ఎక్కువ. కొన్నిచోట్ల నడుము వంచి నడవాలి. అందరి మనసూ పాతాళగంగ మీదే ఉంది. గుహలన్నిటిలో అతి లోతైన చోటు అదే. అక్కడ నీరు పారుతూ భూమిలో అదృశ్యమవుతుంది.

దారి ఇరుకైన చోట చిన్న విద్యార్థి ఒకడు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ముఖమంతా చెమట. "హజ్రత్, ఊపిరాడటం లేదు" అన్నాడు. వెనుక నుండి పెద్ద పిల్లల నవ్వు వినిపించింది. గైడు అతని పక్కన కూర్చుని, "నిదానంగా గాలి పీల్చు నాయనా" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "సాబ్, గుంపును విడదీయొద్దు. ఈ బిడ్డ ఎంత దూరం నడవగలడో అందరం అంతే నడుద్దాం" అన్నాడు.

ఒక్కడి కోసం పది మంది ఆశ వదులుకోవాలా? తాము మాత్రం చూసి వస్తామని పెద్ద పిల్లలు బతిమాలారు. నేను ఒప్పుకోలేదు. గాలి బాగా ఆడే విశాలమైన చోటికి అందరం మరలి వచ్చాము. బాలుడు తేరుకున్నాడు. పాతాళగంగ చూడకుండానే పైకి వచ్చాము.

గుహలో కలిసి ఉండటం ఎంత అవసరమో లోకమంతా ఒకసారి చూసింది. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో వరద నీటి వల్ల 12 మంది బాలురు, వారి కోచ్ చిక్కుకుపోయారు. చీకటిలో విడిపోకుండా ఒకే చోట ఉన్నారు. జూలై 10 నాటికి అందరూ ప్రాణాలతో బయటికి వచ్చారు. వారి కోసం సిలిండర్లు చేరవేయడానికి వెళ్ళిన ఒక మాజీ నౌకాదళ డైవర్ మాత్రం తిరిగి రాలేదు.

ఈ నియమం మసీదుకు వెళ్ళేవారికి కొత్త కాదు. నమాజు చేయించేవాడు తన వెనుక నిలిచిన బలహీనులను, వృద్ధులను దృష్టిలో ఉంచుకుని దానిని తేలిక చేయాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు. పసిబిడ్డ ఏడుపు వినబడితే తల్లి ఆవేదనను తలచి తామే నమాజును కుదించేవారు. ముందు నిలిచినవాని బాధ్యత వెనుకనున్న వాని నుండే మొదలవుతుంది.

ఆ రాత్రి తాడిపత్రిలో ఆగి ఇషా నమాజు చేశాము. పెద్ద విద్యార్థి ముందు నిలిచాడు. గుహలో నవ్విన వారిలో అతనూ ఒకడు. సుదీర్ఘ సూరాలు పఠించడం అతని అలవాటు. ఆ రాత్రి మాత్రం రెండు చిన్న సూరాలతో ముగించాడు. వెనుక వరుసలో ఆ చిన్నవాడు నిద్రతో తూలుతున్నాడు. నేను అతనిని ఏమీ అడగలేదు.