ఫ్యూజా, బ్రేకరా?

బండికి ఫాగ్ లైట్లో, ఆంప్లిఫయరో, ఇన్వర్టరో పెట్టించుకునేటప్పుడు వచ్చే సందేహం ఒకటుంది: కొత్త లైనుకు ఫ్యూజు వేయించాలా, సర్క్యూట్ బ్రేకరా?

ఏది వేయించినా అది కాపాడేది ముందుగా వైరునే. షార్టయితే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది, వైరు కాలి మంటలు లేస్తాయి. అందుకే రేటింగు వైరు మోయగలిగినదాన్ని మించకూడదు. ఫ్యూజైనా బ్రేకరైనా బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఉండాలి. దానికీ బ్యాటరీకీ మధ్యనున్న వైరుకు రక్షణ ఉండదు.

55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు కలిపితే 110 వాట్లు. 12 వోల్టుల కారులో ఇది 9 ఆంపియర్ల పైచిలుకు. ఎర్రరంగు 10 ఆంపియర్ల ఫ్యూజు మరీ అంచున ఉంటుంది. వైరు తగినంత మందంగా ఉంటే నీలంరంగు 15 వేయించండి. 24 వోల్టుల లారీలో అవే వాట్లకు సగం కరెంటే పారుతుంది.

లైట్లకు, స్టీరియోకు, చార్జరుకు ఫ్యూజే మేలు. చవక, షార్టయితే చటుక్కున తెగుతుంది, మళ్లీ తనంతట తాను అతుక్కోదు.

మోటార్ల సంగతి వేరు. పవర్ విండో అద్దం పైదాకా వెళ్లాక కూడా స్విచ్చి నొక్కే ఉంచితే మోటారు కాసేపు ఎక్కువ కరెంటు లాగుతుంది. అంతమాత్రానికే ఫ్యూజు మార్చుకుంటూ కూర్చోలేం. బ్రేకరైతే లోపలి జంటలోహపు పట్టీ వేడికి వంగి లైను తెంచి, చల్లారాక కలుపుతుంది.

బ్రేకర్లు మూడు రకాలు: తనంతట తానే కలిసేది, సప్లై ఆపేదాకా తెగే ఉండేది, చేత్తో బటన్ నొక్కాల్సినది. మొదటి రకం కొన్ని బండ్లలో హెడ్‌లైట్లకు వాడారు. చీకట్లో ఒక్కసారిగా ఆరిపోకుండా ఆరుతూ వెలుగుతూనైనా దారి చూపుతాయని. కానీ షార్టు అలాగే ఉంటే ఈ రకం వైరును పదేపదే వేడెక్కిస్తుంది. కాబట్టి మీరు కొత్తగా వేయించే ఇన్వర్టరు, వించ్ లాంటి పెద్ద లైన్లకు బ్రేకరే కావాలనుకుంటే బటన్ రకం అడగండి.

ఇంట్లో ఏసీ కరెంటుకు వాడే చిన్న బ్రేకరును (ఎంసీబీ) మాత్రం బండికి బిగించనివ్వకండి. డీసీలో కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ అంత తేలిగ్గా ఆరదు. తెగిన ఫ్యూజు చోట రాగితీగ చుట్టనివ్వకండి. అదే రేటింగు ఫ్యూజులు నాలుగు డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోండి. కొత్తది కూడా వెంటనే తెగిందంటే మరొకటి వేయకుండా ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.