నాన్నగారితో భీమిలి తీరాన

గత జనవరిలో, సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు, నాన్నగారు నన్నొక కోరిక కోరారు. "చూపు పూర్తిగా పోకముందే ఎర్రమట్టి దిబ్బలు ఇంకొక్కసారి చూపించమ్మా" అన్నారు. బడిపంతులుగా ఉన్న రోజుల్లో పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళేవారు. ఇప్పుడు నీటికాసుల జబ్బు వలన, గొట్టంలో నుండి చూసినట్టు, ఎదురుగా ఉన్నది మాత్రమే కనబడుతుంది.

విశాఖపట్నం నుండి భీమిలి వెళ్ళే దారిలో మంగమారిపేట దగ్గర బస్సు దిగాము. మంచు విడిపోయి ఎండ హాయిగా కాస్తోంది. ఆడవారు ఇసుక మీద చేపలు ఎండబెడుతున్నారు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ కనుక రాతి తోరణం వరకు నడిచాము. తరతరాలుగా అలలు బండలోని మెత్తని భాగాన్ని తొలిచివేయగా, గట్టి భాగం అలా నిలిచిపోయింది. నేను ఎక్కబోతే, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన, "వద్దమ్మా, నాచు మీద కాలు జారిపోద్ది" అని వారించాడు.

రోడ్డుకు అవతల తొట్లకొండ. 1976లో నౌకాదళం కోసం సర్వే చేస్తున్నప్పుడు అక్కడి బౌద్ధ ఆరామం బయటపడింది. నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వలన కొండకు ఆ పేరు వచ్చింది. "రెండువేల ఏళ్ళ క్రిందటే నీటి విలువ ఎరిగినవారు" అన్నారు నాన్నగారు.

అక్కడి నుండి ఆటోలో దిబ్బలకు చేరాము. వాన కోసిన లోతైన గెడ్డల అంచున ఆయన చేయి పట్టుకుని నడిపించాను.

"ప్రక్కన ఏముందో చెప్పు."

"ఎర్రని కొండ, నాన్నగారూ."

"కొండ కాదమ్మా, ఇసుక! వేల ఏళ్ళ క్రిందట గాలి తెచ్చి పోసినది. రేణువులకు పట్టిన ఇనుప తుప్పే ఆ ఎరుపు."

నాకు నవ్వు వచ్చింది. పాఠం ఇంకా అయిపోలేదు!

2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించింది. నేను గుర్తుగా గుప్పెడు ఇసుక కొంగున కట్టబోతే నాన్నగారు ఆపారు. "పోయినది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి" అన్నారు. ఆయన కంటి డాక్టరుగారు చెప్పిన మాట కూడా అదే. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు విడువక వాడితే మిగిలిన చూపు నిలబెట్టుకోవచ్చు. ఇది వంశంలో వచ్చే జబ్బు కనుక, తిరిగి వచ్చిన వారమే నేనూ కళ్ళు పరీక్ష చేయించుకున్నాను.

మీ ఇంట పెద్దవారుంటే వారి కళ్ళు చూపించండి. వీలైతే ఈ చలికాలంలోనే, చేయి పట్టుకుని, వారు కోరిన చోటికి తీసుకువెళ్ళండి.