సూటు లెక్క

గార్లదిన్నె కుర్రాడొకడి రెజ్యూమె నా మెయిల్లో రెండు నెలలు మూతపడి ఉండిపోయింది. పంపించింది వాడి మేనమామ, నాతో ఇంటర్ చదివినవాడు. ‘మనోడే, ఒకసారి చూడు’ అని ఒక్క ముక్క రాశాడు. చూద్దాంలే అనుకున్నాను. బెంగళూరులో ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాడికి ఇలాంటివి వస్తూనే ఉంటాయి. మే నెలలో గుర్తొచ్చి ఫోన్ చేస్తే, ‘వానికి వేరే చోట వచ్చిందిలేప్పా’ అన్నాడు, నిష్ఠూరమేమీ లేకుండా. అలా అనడమే గుచ్చుకుంది. ఊరికి వెళ్లినప్పుడు, వాణ్ణి చూసొద్దామని అనంతపురంలో గుత్తి బస్సెక్కాను.

44వ నంబరు హైవే మీద ఉత్తరంగా ఓ ఇరవై కిలోమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన తక్కువ పడేది మనకేనని బడిలోనే నేర్పించిన జిల్లా ఇది. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్లు పడితే పడినట్టు. ఈ మండలంలోనే పెనకచెర్ల డ్యాం ఉంది కాబట్టి కొంత నయం. బోరులో నీళ్లున్నవాళ్లు చీనీ (బత్తాయి) పెట్టారు, లేనివాళ్లు శెనక్కాయ వేసి మబ్బుకేసి చూస్తారు. కుర్రాడి నాన్నకు రెండెకరాల చీనీ.

‘రా బావా’ అని మంచం వాల్చి కూర్చోబెట్టాడాయన. ఉగ్గాని, బజ్జీ వచ్చాయి. కుర్రాడు అనంతపురంలో ఇంజనీరింగ్ చివరి ఏడాది పూర్తి చేశాడు. లాప్‌టాప్ పాతది, ఎవరో వాడి అమ్మింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు పోతే అదీ పోతుంది. ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో అలాగే ఆరిపోయిందట. మళ్లీ రాయనివ్వలేదు.

నాకు పంపిన రెజ్యూమె తెరవమన్నాను. కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం, జట్టుగా పనిచేసే అలవాటు. ఇవన్నీ పైన. కింద పదకొండు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు. అన్నిటికన్నా అడుగున, ఒక్క వరుసలో, ‘చీనీ లెక్కల యాప్, పైథాన్’. నిజం చెప్పాలంటే మార్చిలోనే తెరిచినా ఆ వరుస దాకా వచ్చేవాణ్ణి కాదు.

‘అదేందో చూపీ.’

‘అది తెలుగులో ఉంది మామా. మా నాయన కోసరం చేసింది. ఏం బాగుంటాది అని కింద పెట్టినా.’

చీనీ అమ్మే పద్ధతి తెలియనివాళ్లకు ఒక మాట. మండీలో కాయ తూకమయ్యాక టన్నుకు ఇంత అని తీసేస్తారు. కాయ చెడిపోతుంది, తూకం తగ్గుతుంది అని కారణాలు చెబుతారు. దాన్నే సూటు అంటారు. ఆ కాయకు డబ్బు రాదు. వాళ్ల నాన్న ఒక చీటీ తెచ్చి నా చేతికిచ్చాడు. 8 టన్నుల 400 కిలోలు. టన్నుకు 100 కిలోల సూటు, మొత్తం 840 కిలోలు. మిగిలిన 7,560 కిలోలకు టన్ను 18 వేల లెక్కన 1,36,080 రూపాయలు. ఆ తర్వాత హమాలీ, మిగతా కోతలు. చీటీలో సూటు కిలోల్లోనే ఉంటుంది. కుర్రాడు చేసిన పనల్లా దాన్ని రూపాయల్లోకి మార్చి ఎర్రటి అక్షరాల్లో చూపించడం. తెర మీద ‘సూటు కింద పోయింది: 15,120’ అని ఉంది.

‘ముప్పై ఏండ్లు అమ్మినా బావా, సూటు ఇంత అని ఈ నంబరు చూసిందాకా తెలీలా’ అన్నాడాయన.

ఉద్యోగం ఇప్పించింది ఈ ఎర్ర అంకె కాదు, దాని వెనక ఉన్న ఒక్క పైసా. మొదట్లో యాప్ లెక్కకు, కాగితం లెక్కకు ఒక చీటీలో పైసా తేడా వచ్చిందట. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. మనం రాసే దశాంశాలను కంప్యూటర్ సున్నాలు, ఒకట్లతోనే దాచుకోవాలి. 0.1 అందులో సరిగ్గా ఇమడదు. రెండు రోజులు వెతికి, రూపాయలన్నిటినీ పైసలుగా మార్చి పూర్ణాంకాల్లోనే దాచాడు. వాళ్ల కాలేజీ సీనియర్ ఒకమ్మాయి బెంగళూరులో చిన్న కంపెనీలో పనిచేస్తోంది. ఈ సంగతి విని, ‘దీన్ని తీసి పైన పెట్టు, సర్టిఫికెట్లు తీసెయ్’ అని చెప్పి, రెజ్యూమె తన మేనేజరుకు ఇచ్చింది. ఇంటర్వ్యూలో నలభై నిమిషాలు పైసల గురించే అడిగారట. ఇంగ్లీషు తడబడింది. అయినా చెప్పాల్సింది తన చేత్తో చేసింది కాబట్టి చెప్పగలిగాడు.

క్యాంపస్‌లో పెద్ద కంపెనీలు ఫ్రెషర్లకు ఇచ్చేది పదేళ్లకు పైగా మూడున్నర లక్షల చుట్టుపక్కలే తచ్చాడుతోంది. టీసీఎస్ ‘నింజా’ ప్యాకేజీ 3.36 లక్షలన్నది ఇక్కడి పిల్లలకు ఎక్కంలా నోటికొచ్చు. ఆఫర్ లెటరైనా చేతికొస్తే ఖాయమని లేదు. ఇన్ఫోసిస్ 2022లో ఆఫర్లిచ్చిన పిల్లల్లో దాదాపు రెండు వేల మందిని రెండేళ్లయినా చేర్చుకోలేదని 2024లో ఐటీ ఉద్యోగుల సంఘమొకటి కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ఈ మాటల మధ్యలో పక్కింటాయన వచ్చి సత్య నాదెళ్ల పేరెత్తాడు. ఈ జిల్లాలో ఎవరో ఒకరు ఎత్తకుండా ఉండరు. ఆయన తండ్రి యుగంధర్ సొంతూరు మన యల్లనూరు మండలం బుక్కాపురమే. అయితే ఐఏఎస్ ఇంట పుట్టి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినాయన్ని చూపించి ఈ పిల్లవాణ్ణి ఉత్సాహపరచడం నాకెప్పుడూ రుచించదు. వీడికి దారి చూపింది రెండేళ్లు ముందు చదివిన సీనియర్.

ఆరు నెలలు ఇంటర్న్‌షిప్, నెలకు 20 వేలు. నచ్చితే ఉంచుకుంటారు. మారతహళ్లిలో ముగ్గురు పడుకునే పీజీ గదికి తొమ్మిది వేలు. ‘మిగిలేది లాప్‌టాప్‌కే సరిపోతాది మామా’ అన్నాడు.

బస్సు కోసం హైవే దాకా వాళ్ల నాన్న వచ్చాడు. సంచి నిండా చీనీకాయలు పెట్టాడు. సూటు తీయలేదు.

బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల్లో ఉన్న మనవాళ్లకు ఒక మనవి. మీ మెయిల్లోనూ ఇలాంటివి మూతపడి ఉంటాయి. ఈ ఆదివారం తెరవండి, అడుగు వరుస నుంచి చదవండి.