వాకిట్లో బ్రేకు పని

సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా శ్రీహరికోటకు బాడుగలకు తిప్పే మా పాత కారు ముందు చక్రం ఒకనాడు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఉప్పుగాలికి కాలిపర్‌లో పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

మేము యానాది పిల్లలం. షెడ్డులో ఏళ్ల తరబడి కార్లు కడిగాం, స్పానర్లు అందించాం. బ్రేకు దగ్గరికొస్తే మాత్రం "మీకెందుకురా ఇది" అనేవాళ్లు. మా కళ్లను మాత్రం ఎవరూ మూయలేదు.

అందుకే మా వాకిట్లోనే విప్పాం. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద దుంగ పెట్టాం. బ్రేకు గొట్టం విప్పకముందే పెడల్ మెల్లగా తొక్కితే ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ బయటికొచ్చింది. కడగడానికి మాలో చిన్నోడు కిరోసిన్ తెచ్చాడు. వద్దన్నాం. కిరోసిన్ తగిలితే రబ్బరు సీలు ఉబ్బిపోతుంది. బ్రేకు ఆయిల్‌తోనే కడగాలి. పెడల్ వదిలినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, ఆ చిన్న సీలే. అది తెలిశాక పాత సీలును పారేయడానికీ మనసు రాలేదు! గుంటలు పడిన పిస్టన్ తీసేసి కొత్తది, కొత్త సీళ్లు వేశాం. రెండో పక్కా అంతే.

ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు నిపుల్ వదులు చేసి బిగిస్తూ, బుడగలు ఆగేదాకా గాలి తీశాం. ఖాళీ బీడులో పదిసార్లు ఆపి చూశాకే అమ్మను ఎక్కించుకున్నాం.