బండి ఆగిపోవడం, బండి ఆపడం

2020 ఏప్రిల్ నుంచి దాదాపు ఏడాది పాటు మేము ఐదుగురం, ఇంజనీరింగులో ఒకే బ్యాచ్ వాళ్ళం, శనివారం రాత్రుళ్ళు జూమ్‌లో కలిసేవాళ్ళం. అమెరికాలో ఉన్న నలుగురికీ శనివారం రాత్రి, హైదరాబాదు వాడికి ఆదివారం పొద్దున్న కాఫీ వేళ. మొదటి రెండు వారాలూ టాయిలెట్ పేపరు, సోనా మసూరి బస్తాలు, ఇండియన్ స్టోర్లో కందిపప్పు లాంటి గంభీరమైన విషయాలతో గడిచిపోయాయి. మూడో వారం నుంచి ప్రపంచాన్ని ఉద్ధరించే పనిలో పడ్డాం.

మాలో ఒకడికి పుస్తకాల పిచ్చి. వాడు 'ది లిమిట్స్ టు గ్రోత్' పట్టుకొచ్చాడు. 1972లో వచ్చిన పుస్తకం. క్లబ్ ఆఫ్ రోమ్ అడిగితే ఎమ్మైటీలో డొనెల్లా మెడోస్, డెన్నిస్ మెడోస్, వాళ్ళ బృందం 'వరల్డ్3' అనే కంప్యూటర్ మోడల్ తయారు చేశారు. జనాభా, తిండి, పరిశ్రమలు, కాలుష్యం, తరిగిపోయే వనరులు. ఈ ఐదూ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో లెక్కగట్టి, ఇదే పద్ధతిలో పోతే వందేళ్ళలోపు ఎదుగుదలకి హద్దు తగులుతుందన్నారు.

అందులో ఒక చెరువు లెక్క ఉంది. చెరువులో కలువ మొక్క రోజుకి రెట్టింపవుతూ ముప్ఫయ్యో రోజుకి చెరువంతా కప్పేస్తుంది. సగం చెరువు కప్పేది ఎన్నో రోజున? ఇరవై తొమ్మిదో రోజున. అంటే సగం ఖాళీగా ఉంది కదా అని మనం నిమ్మళంగా ఉన్న రోజుకి మిగిలిన గడువు ఒక్కరోజే. మన ఊరి చెరువుల్లో గుర్రపుడెక్క చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఏడాది మార్చిలో కేసుల గ్రాఫు చూసిన మాకూ అక్కర్లేకపోయింది.

"ఇవన్నీ పాత కబుర్లురా" అన్నాడు న్యూజెర్సీ వాడు. వాడు చెప్పింది 1980 నాటి పందెం సంగతి. లోహాల ధరలు పెరుగుతాయని పాల్ ఎర్లిక్, పెరగవని జూలియన్ సైమన్ పందెం కాశారు. రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్, ఈ ఐదిటి మీద. పదేళ్ళ తర్వాత సైమనే గెలిచాడు. ఎర్లిక్ 576 డాలర్ల చెక్కు పంపాడు. "మనిషికి అవసరం వస్తే దారి వెతుక్కుంటాడు. మొన్న ఏప్రిల్ 20న అమెరికాలో చమురు ఫ్యూచర్స్ ధర సున్నా కంటే కిందకి పోయింది. చమురు అయిపోతుందన్నారు, ఇప్పుడు దాచే చోటు లేదు!"

పుస్తకాల వాడు తగ్గలేదు. జలంధర్ నుంచి హిమాలయాలు కనిపిస్తున్నాయి, ఆకాశం శుభ్రపడింది, ఎదుగుదల ఆగినా కొంప మునగలేదు చూశారా అన్నాడు.

అంతవరకూ కెమెరా ఆపేసుకుని వింటున్న నాలుగో వాడు అప్పుడు నోరు విప్పాడు. "మామా, ఆగిన వాటిల్లో నా జీతం కూడా ఉంది."

వాడి ఉద్యోగం పోయి అప్పటికి తొమ్మిది రోజులు. హెచ్-1బి వాళ్ళకి ఉద్యోగం పోతే ఉండే గడువు అరవై రోజులు. ఈలోపు ఇంకొకరు పిటిషన్ వెయ్యాలి, లేదా సర్దుకుని వెళ్ళిపోవాలి. వెళ్దామంటే మార్చి నెలాఖరు నుంచి ఇండియాకి మామూలు విమానాలే లేవు. ఇద్దరు పిల్లలు, ఇంటి లీజు. ఆ నెల అమెరికాలో నిరుద్యోగం 14.7 శాతం. హైదరాబాదు వాడు నెమ్మదిగా అందుకున్నాడు. మేడ్చల్ రోడ్డు మీద నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో ఉత్తరాదికి నడిచిపోతున్న కూలీల గురించి చెప్పాడు. ఆ రోజు ఎవరం పెద్దగా వాదించుకోలేదు.

తర్వాత లెక్కలొచ్చాయి. 2020 ఏప్రిల్ మొదట్లో ప్రపంచపు రోజువారీ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు ముందు ఏడాదికంటే 17 శాతం తగ్గాయి. ఏడాది మొత్తానికి చూస్తే తగ్గింది 5 శాతం చిల్లర. కోట్లమంది ఇళ్ళల్లో కూర్చుంటే ఇంతే! కార్లు, విమానాలు ఆగాయి గానీ, కరెంటు, ఉక్కు, సిమెంటు ఆగవు కదా. గాలిలో పేరుకున్నది మాత్రం ఆ ఏడాదీ పెరిగింది. కొళాయిని కాస్త తిప్పినంత మాత్రాన తొట్టి నిండడం మానదు. 2021 కల్లా ఉద్గారాలు దాదాపు పాత స్థాయికి వచ్చేశాయి.

ఆ పుస్తకాన్ని అందరూ ప్రళయం జోస్యంగా గుర్తు పెట్టుకుంటారు. నిజానికి అందులో ఒకటి కాదు, చాలా దారులు లెక్కగట్టారు. ఎదుగుదలని మనంతట మనం, ముందే నెమ్మదింపజేసి నిలదొక్కుకునే దారి కూడా వాటిలో ఉంది. 2020లో జరిగింది అది కాదు. పెట్రోలు అయిపోయి బండి నడిరోడ్డు మీద ఆగిపోవడం వేరు, బ్రేకు వేసి పక్కన ఆపడం వేరు. మొదటి దాంట్లో వెనక సీటు వాళ్ళకీ, బండి పైన కూర్చున్నవాళ్ళకీ ముందు దెబ్బ తగులుతుంది.

అందుకే హద్దులున్నాయని నమ్మేవాళ్ళు (నేనూ నమ్ముతాను) చెరువు లెక్కతో ఆగిపోతే చాలదని నాకనిపిస్తుంది. జీతం ఆగినవాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది, ఉద్యోగంతోపాటు ఇన్సూరెన్సు పోయే దేశంలో జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఇంకా ఎదగవలసిన బీహారు కూలీనీ రెండు కార్ల గరాజు ఉన్న నన్నూ ఒకే గీత దగ్గర ఆగమనడం ఏం న్యాయం? వీటికి జవాబు లేకుండా "చాలు, ఆగుదాం" అంటే వినేవాడు ఉండడు, ఉండనక్కర్లేదు కూడా.

మా నాలుగో వాడికి యాభై రెండో రోజున ఇంకో కంపెనీ పిటిషన్ వేసింది. జీతం పాతదానికంటే తక్కువ. "ఎదుగుదల లేకపోయినా పర్లేదు మామా, ఉంటే చాలు" అన్నాడు. పుస్తకాల వాడు, తను ఇన్నాళ్ళూ చెప్పింది అదేనన్నాడు. ఇద్దరూ ఒకే మాట అన్నారని మిగతా ముగ్గురం ఇప్పటికీ ఒప్పుకోలేదు.