వేలు పెట్టే విషయం

“ఇది ఆడవాళ్ళు వేలు పెట్టే విషయం కాదు” అన్నారు మావారు.

ఆ విషయం మా పికప్పు వ్యాను. మాది నరసరావుపేట. బండి మేం కొనేనాటికే పాతది. మిరప కోతల రోజుల్లో గుంటూరు యార్డుకి టిక్కీలు, మిగతా రోజుల్లో మాచర్ల నుంచి నాపరాళ్ళు. మా పొయ్యి వెలిగేదీ, అబ్బాయి హాస్టలు ఫీజు కట్టేదీ దాని బాడుగ మీదే.

కొన్నాళ్ళుగా పొద్దున్నే స్టార్టు చేయగానే కీచుమని అరిచేది. రెండు నిమిషాలకి ఆగేది. ఆ అరుపు విని మావారికి నవ్వొచ్చింది గానీ, నాకు మా అమ్మ ఇచ్చిన కుట్టుమిషను గుర్తొచ్చింది. తోలు బెల్టు వదులైతే మనం ఎంత తొక్కినా పైచక్రం కదలదు, బెల్టు జారుతుంది. చిన్న ముక్క కోసి మళ్ళీ తీగ కొక్కెం తగిలిస్తే సరి. మీలో మిషను తొక్కినవాళ్ళకి నేను చెప్పాలా!

“ఏవండీ, లోపల బెల్టేదో వదులైనట్టుంది” అన్నాను వంటింట్లోంచి. దానికి జవాబే పైన రాసిన మాట.

పోయినేడాది మార్చిలో ఫిరంగిపురం దాటాక ఫ్యాన్ బెల్టు తెగింది. బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగిందట, టెంపరేచర్ ముల్లు లేచిందట. “మెల్లగా పోదాం, గుంటూరెంత దూరం” అన్నాడట కూడా వెళ్ళిన కుర్రాడు. ఆయన వినలేదు. ఇంజన్లో నీళ్ళు తిప్పే పంపుకీ ఆ బెల్టే ఆధారం, అది లేకుండా నడిపితే ఇంజనే పోతుంది. ఆ ఒక్క బుద్ధి పుట్టినందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. మొత్తానికి ఆ రోజు బాడుగ పోయింది, సరుకు తాలూకు రైతు చేత మాటలూ పడ్డారు. రాత్రి పదింటికి వచ్చి అరుగు మీద కూచున్నారు. “నేను చెప్పలా?” అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి అన్నం వడ్డించాను.

మర్నాడు షెడ్డు కుర్రాడు కొత్త బెల్టు వేసి వీణ తీగలా బిగించాడు. “మిషను బెల్టు అంత బిగిస్తే తొక్కలేక కాళ్ళు పీకుతాయి బాబూ” అన్నాను, ఊరుకోలేక. వాడు నవ్వాడు గానీ పెద్ద మేస్త్రీ నవ్వలేదు.

“అమ్మ చెప్పింది నిజమేరా. అంత బిగిస్తే పంపు బేరింగూ, డైనమో బేరింగూ అరిగిపోతాయి. వదిలెయ్” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, రెండు చక్రాల నడుమ బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూపించాడు. మా బండికి అర అంగుళం దిగాలట. ఎక్కువ దిగితే వదులు, అసలు దిగకపోతే బిగువు. కొత్త బెల్టు సాగుతుంది గనక కొన్నాళ్ళకి మళ్ళీ చూసుకోవాలి. అంచుల్లో బీటలు కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా మార్చెయ్యాలి.

అప్పట్నించి మా క్యాలెండరు మీద పాలలెక్క పక్కనే బండిలెక్కా ఉంటోంది. ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు, బెల్టు నొక్కి చూసిన రోజు. గాలి ఫిల్టరు మాత్రం పుస్తకంలో రాసినన్నాళ్ళు ఆగను. పిడుగురాళ్ళ సున్నపు దుమ్ము సంగతి ఆ పుస్తకం రాసినవాళ్ళకేం తెలుసు? చల్లారకముందు రేడియేటరు మూత తియ్యకూడదని కూడా ఎర్రసిరాతో రాశాను. అది మావారి కోసం. ఆయనకి ఓపిక తక్కువ.

మొన్న మళ్ళీ కోతలు మొదలయ్యాయి. తెల్లవారుజామున ఇడ్లీపిండి కలుపుతుంటే వాకిట్లోంచి కేక.

“ఇదిగో, ఒకసారి వచ్చి వేలు పెట్టి పో!”

“చెయ్యి కడుక్కుని వస్తున్నా. ముందు ఇంజనాపండి” అన్నాను.